పెన్సిలు చుక్క

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ కులాసాగా ఉన్నావనీ, మోకాళ్ళు నిన్ను మరీ ఏడిపించడం లేదనీ అనుకుంటున్నాను. ఉత్తరం చదివి పెడుతున్న గేటు తాతగారికి కూడా నా నమస్కారాలు. తాతగారూ, ఈసారి ఉత్తరం పొడుగు. కళ్ళజోడు తుడుచుకుని, మంచినీళ్ళ సీసా పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. ఎవరైనా ఆసుపత్రి గేటు తీయమని వస్తే తీసి వచ్చి, ఆపిన చోటి నుంచే చదవండి. పోయిన ఉత్తరంలో దగ్గు తగ్గుముఖం పట్టిందని రాశాను. అమ్మ మళ్ళీ దగ్గు ఎలా ఉందని అడిగింది. అంటే మీరు ఒక పేజీ దాటేశారన్నమాట. ఈసారి ఒక్క వాక్యం కూడా దాటేయకండి. మీ గురించి రాసిన చోట కూడా.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు గదా అంటావు అమ్మా. ఫోనులో నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నాను, నువ్వు తిన్నావా" అంటాను, నువ్వు "నా తిండికేం" అంటావు. అక్కడికి మన మాటలు అయిపోతాయి. పైగా ఈ ఉత్తరంతో ఒక కాగితం పంపుతున్నాను. అది ఫోనులో పట్టదు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. దగ్గు పోయిందా, ఆఫీసులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు, నీ గది చూడడానికి నన్నెప్పుడు రమ్మంటావు అని. మొదటి రెండింటికీ ముందు చెబుతాను. మూడోదానికే ఈ ఉత్తరమంతా.

దగ్గు పూర్తిగా పోయింది. నువ్వు పంపిన ఊలు మఫ్లరు వల్ల పోయిందో, మందుల షాపులో ఇచ్చిన సిరప్ వల్ల పోయిందో చెప్పలేను. మఫ్లరు వల్లే అని రాస్తున్నాను, నీకు సంతోషంగా ఉంటుంది.

ఆఫీసులో నా పక్కన తాళాల అక్క కూర్చుంటుంది. మాది ఇళ్ళు అద్దెకు ఇప్పించే ఆఫీసని నీకు తెలుసు. ఇంటి ఓనర్లు తాళంచెవులు మా దగ్గర పెడతారు, ఇల్లు కావలసినవాళ్ళు వచ్చి ఫారం నింపుతారు, మేము ఆ ఫారాలు ఓనర్లకు చూపిస్తాం. అక్క వెనక గోడంతా కొక్కేలే. ఏ తాళంచెవి ఏ ఇంటిదో చీటీ చూడకుండా, చేత్తో తడిమి చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. దానికి ఒక కాలు పొట్టి, కింద మడిచిన అట్టముక్క పెట్టుకుంటుంది. నేను చేరిన రోజే "చదువుకున్నదానివి, నా కుర్చీకి ఎసరు పెట్టకు తల్లీ" అంది. ఆ మధ్యాహ్నమే తన టిఫిన్ డబ్బాలో సగం నా ముందుకు తోసింది. మంచి మనిషి. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను, తర్వాత రాసేది విని నువ్వు ఆమెను తిట్టకుండా.

పని నాకు తొందరగానే వచ్చింది. వేలిముద్ర తీసుకోవడం కూడా నేర్చుకున్నాను. అదేం పనిలే అనుకుంటాం గానీ దానికో పద్ధతి ఉంది. వేసే మనిషి తనంతట తాను వత్తితే ముద్ర అలుక్కుపోతుంది. భయంకొద్దీ గట్టిగా నొక్కుతారు. సాక్షిగా ఉన్నవాళ్ళు ఆ బొటనవేలిని తమ చేత్తో పట్టుకుని, ఇంకుప్యాడ్ మీద ఒకసారి, కాగితం మీద ఒకసారి, ఎడమ నుంచి కుడికి మెల్లిగా దొర్లించాలి. అప్పుడు గీతలన్నీ విడివిడిగా పడతాయి. వేలు పట్టుకున్నవాళ్ళే పక్కన సంతకం చేయాలి. మా సారు ఈ విషయంలో మహా పట్టింపు మనిషి.

ఇంకో పని కూడా నేర్చుకున్నాను. చేరిన వారంలోనే అక్క ఒక ఫారం తీసి, కుడివైపు పై మూలలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది. చీమ తలకాయంత ఉంటుంది.

"ఏంటక్కా అది?" అన్నాను.

"కనబడిందా? కనబడితే పెద్దదైపోయిందన్నమాట." రబ్బరు తీసి అంచులు తుడిచి చిన్నది చేసింది. "చుక్క ఉన్నవి కింది సొరుగులోకి. లేనివి సారు టేబుల్ మీదికి."

"కింది సొరుగులోవి ఎప్పుడు చూస్తారు?"

"చూడరు."

"మరి వాళ్ళు వచ్చి అడిగితే?"

"ఇంకా చూస్తున్నాం అని చెప్పు. నెమ్మదిగా, నవ్వు ముఖంతో చెప్పు. రెండు మూడుసార్లు తిరిగి వాళ్ళే మానేస్తారు. మొహాన కాదంటే గొడవ. కారణం కాగితం మీద రాస్తే కేసు. చుక్క పెడితే ఎవరికీ ఏ బాధా లేదు."

"ఎవరికి పెట్టాలో ఎలా తెలుస్తుంది?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "తెలుస్తుందిలే. తెలియనట్టు అడుగుతావేం?"

నిజమే, తెలిసింది. యాస వేరుగా ఉన్నవాళ్ళు. వేరే దేవుణ్ణి మొక్కేవాళ్ళు. మగతోడు లేని ఆడవాళ్ళు. చక్రాల కుర్చీలో తిరిగే కొడుకును తోసుకుంటూ వచ్చిన ఒక తండ్రి. ఆయన వెళ్ళాక "పాపం" అంటూనే చుక్క పెట్టింది అక్క. ఇక కొన్ని పనులు చేసుకునేవాళ్ళు. ఆ పనులేవో నేను నీకు చెప్పక్కరలేదు.

ఒకసారి అక్కను అడిగాను, ఇదంతా ఎవరి కోసం అని. "నాకేం పట్టింపు లేదే తల్లీ, సారుకి" అంది. ఇంకో రోజు సారు హుషారుగా ఉన్నప్పుడు ఆయన్ని కదిపాను. "నాకేముందమ్మా, నేను అందరినీ ఒకేలా చూస్తాను. ఓనర్లే ఒప్పుకోరు" అన్నారు. తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన ఒక ఓనరును మాటల్లో పెట్టాను. "నాకెవరైనా ఒకటేనమ్మా, పక్కింటివాళ్ళు ఊరుకోరు" అన్నాడు. ఆ పక్కింటివాళ్ళు కూడా మా ఆఫీసుకు వచ్చే ఓనర్లే. వాళ్ళనడిగితే ఈయన్ని చూపించారు. అమ్మా, ఈ పట్టింపు అసలు ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియలేదు. తెలియకుండానే ఏడు నెలలు చుక్కలు పెట్టాను. నా చుక్కలు తనవాటికన్నా చిన్నవని అక్క మెచ్చుకుంది కూడా.

రెండు నెలల కిందట, ముసురు పట్టిన మధ్యాహ్నం ఒకామె వచ్చింది. నీ వయసుంటుంది. గొడుగు బయటే వదిలి, కాళ్ళు తుడుచుకుని, నింపి తెచ్చిన ఫారం నా టేబుల్ అంచున పెట్టింది. పెట్టి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అడుగు చూడగానే నాకు తెలిసిపోయింది. ఫారం చదవకముందే తెలిసింది. కిరాణా కొట్టులో చీటీ పెట్టి నువ్వు వేసే అడుగు అది. ఆమె చేతులు చూశాను. వేళ్ళ మధ్య చర్మం నాని తెల్లబడి, పొట్టు లేస్తూ ఉంది. ఆ సబ్బూ మందూ కలిసిన వాసనలోనే కదా నేను పెరిగింది, దగ్గరికి వెళ్ళి పోల్చుకోవలసిన పని లేదు. చేసే పని అన్న గడిలో గుండ్రటి దస్తూరీతో రాసి ఉంది: "పెద్దాసుపత్రి మార్చురీలో శవాలకు స్నానం చేయించుట."

"ఫారం మా అమ్మాయి రాసింది" అంది ఆమె, నేను దస్తూరీ చూస్తున్నాననుకుని. "దానికి ఈ ఏడు పెద్ద పరీక్షలు. మేముండే బిల్డింగు పడగొడుతున్నారు. వచ్చే నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. రెండు గదులు చాలమ్మా. అది చదువుకోడానికి ఒక లైటుంటే సరిపోతుంది."

"చూసి చెబుతామమ్మా" అన్నాను, నెమ్మదిగా, నవ్వు ముఖంతో. ఆమె వెళ్ళింది. అక్క పక్కనుంచి చూస్తోంది. నేను పెన్సిలు తీసుకుని చుక్క పెట్టాను.

అక్క పెట్టలేదమ్మా. నేనే పెట్టాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుండేది. వణకలేదు. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అక్క అడుగుతుంది, అడిగితే ఏం చెప్పాలి అన్నదొక్కటే ఆ క్షణంలో నా బుర్రలో ఉంది.

నాలుగు రోజులకు ఆమె మళ్ళీ వచ్చింది. "ఇంకా చూస్తున్నాం" అన్నాను. ఇంకో వారానికి వచ్చింది. "ఓనరు ఊళ్ళో లేరు" అన్నాను. అది అక్క నేర్పలేదు, నా సొంత తెలివి. మూడోసారి వచ్చినప్పుడు ఆమె, "మీకు ఇబ్బందైతే చెప్పేయమ్మా, ఇంకోచోట వెతుక్కుంటాను. డ్యూటీ మధ్యలో నాకు రెండు గంటలే దొరుకుతాయి, రెండు బస్సులు మారి వస్తున్నాను" అంది. కోపంగా అనలేదు. "ఇంకొక్క వారం చూడండి" అన్నాను. ఆమె తల ఊపి, సంచిలోంచి రుమాలు తీసి, తను చెయ్యి ఆనించిన టేబుల్ అంచు తుడిచి వెళ్ళిపోయింది.

ఆ రుమాలు దగ్గర నాకు మన బెంచీ గుర్తొచ్చింది. ఇప్పుడు మీరు కూర్చుని చదువుతున్న ఆ సిమెంటు బెంచీయే.

తాతగారూ, ఇక్కడ దాటేయకండి. నాకు ఆరేళ్ళప్పుడు నన్ను బడిలో చేర్చుకోమని హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి వాదించింది మీరు. దానికి ముందు ఒక ఎండాకాలమంతా గేటు దగ్గర నాకు అక్షరాలు నేర్పింది మీరు. నేను ఈ ఉత్తరం రాయగలుగుతున్నానంటే మీ వల్లే. అమ్మ పలక తెచ్చి బెంచీకి ఈ చివర పెట్టి, రుమాలుతో ఆ చోటు తుడిచి, ఒక అడుగు వెనక్కి వేసేది. అప్పుడు మీరు ఆ చివరి నుంచి జరిగి వచ్చి పలక తీసుకునేవారు. రాసి మళ్ళీ అక్కడే పెట్టేవారు. మిగతా పిల్లలకు ఎవరైనా చెయ్యి పట్టుకుని దిద్దిస్తారు. నాకు మీరు పుల్లతో గాలిలో గీసి చూపించారు. ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట విసుక్కోలేదు, ఒక్కసారి ముట్టుకోలేదు. నాకు అప్పుడు తేడా తెలియలేదు. మీరు నాకు చేసిన మేలూ నిజమే, ఆ బెంచీ పొడవూ నిజమే. ఒకటి చెబితే రెండోది అబద్ధమైపోదు కాబట్టి రెండూ రాస్తున్నాను. కోపం కొద్దీ రాయడం లేదు. చుక్కలు పెట్టిన చేత్తో కోపంగా రాసే అర్హత నాకెక్కడిది?

ఆమె మూడోసారి వచ్చి వెళ్ళిన మర్నాడు, అక్క మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు కింది సొరుగు లాగి, ఆమె ఫారం వెతికి, చుక్క చెరిపి సారు టేబుల్ మీద పెట్టాను. నా చుక్క మరీ చిన్నది కావడంతో ఒక్క రుద్దుకే పోయింది.

సారు దాన్ని మిగతావాటితో పాటు ఒక ఓనరుకు పంపారు. ఆయన ఫారం మీద పేరూ ఫోను నంబరూ మాత్రం చూసి ఆమెను పిలిచి ఇల్లు చూపించాడు. ఆమెకు నచ్చింది. ఆ తర్వాత ఓనరు ఫారం పూర్తిగా చదువుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు ఫోను ఆగకుండా మోగింది.

సారు నన్నూ అక్కనూ గదిలోకి పిలిచారు.

"దీనికి చుక్క మర్చిపోయిందెవరు?"

అక్క నా వంక చూసి, "చిన్నపిల్ల సార్, పొరపాటు జరిగుంటుంది" అంది. నన్ను కాపాడదామనే అంది.

"మర్చిపోలేదు సార్. పెట్టాను. తర్వాత చెరిపాను" అన్నాను.

"ఎందుకు?"

"మా అమ్మదీ అదే పని సార్."

సారు లేచి, బీరువాలోంచి ఒక ఫైలు తీసి తిరగేశారు. నా గది కూడా మా ఆఫీసు ద్వారానే దొరికింది కదా. నా ఫారం తీసి టేబుల్ మీద పెట్టి, ఒక గడి మీద వేలు ఆనించి, "ఇక్కడ తల్లి పని దర్జీ అని ఉందే?" అన్నారు.

అమ్మా, నీకు చెప్పకుండా దాచింది ఇదే.

ఆ ఫారం తీసుకుని నేను ఇంటికి వచ్చినప్పుడు, నాకు హామీగా ఉండేది నువ్వే కాబట్టి నువ్వు వేలిముద్ర వేశావు. బెంచీ మీద పెడితే నువ్వే ప్యాడ్‌లో వేలు ముంచి వత్తావు. "బాగా పడిందా?" అని అడిగావు, అలుక్కుపోయినా "బాగా పడింది" అన్నాను. తాతగారు ఆ చివర కూర్చుని సాక్షి సంతకం పెట్టారు. ఆయన్ని తప్పు పట్టకు. అప్పటికి ఆ గడి ఖాళీగా ఉంది. తిరుగు బస్సులో, మీరెవరూ కనబడనంత దూరం వెళ్ళాక, ఒళ్ళో సంచి పెట్టుకుని, దాని మీద ఫారం ఆనించి, ఆ గడిలో దర్జీ అని రాశాను. నువ్వు నమ్మి వేలు పెట్టిన కాగితం మీద నేను అబద్ధం రాశాను. అందులోనూ ఆ వేలి పక్కనే.

దర్జీ అనే ఎందుకు రాశానో చెప్పనా? పోయినవాళ్ళ చొక్కాకు గుండీ ఊడితే నువ్వు కుట్టి మరీ ఇంటివాళ్ళకు అప్పగిస్తావు. "ఎలా వచ్చినా వెళ్ళేటప్పుడు శుభ్రంగా వెళ్ళాలి" అంటావు. కుట్టుపని చేస్తుంది కదా, పూర్తిగా అబద్ధమేం కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నీ పనిలో అందరికీ చెప్పుకోదగ్గ ఒక్క ముక్కను కత్తిరించి తీసుకుని, మిగతా నిన్ను వదిలేశాను.

ఆ తర్వాత అది పెరిగింది. ఆఫీసులో అడిగినవాళ్ళకు దర్జీ అన్నాను. నా గది ఓనరు, మా ఇంటావిడ, ఒకసారి, "మీ అమ్మ వస్తే నా కోటు లైనింగు సరిచేయించుకుంటాను" అంది. అప్పటి నుంచి నువ్వు వస్తానన్నప్పుడల్లా గది ఇరుకనీ, మెట్లెక్కువనీ, నీ మోకాళ్ళకు కష్టమనీ రాస్తూ వచ్చాను. గది మనిద్దరికీ సరిపోతుంది. మెట్లు పదకొండే. ఒక పక్క పట్టుకోడానికి ఇనుప కడ్డీ కూడా ఉంది.

సారు తీర్పు ఇదీ: అబద్ధం రాసిన ఫారం మీద నన్ను ఆ గదిలో ఉంచడం కుదరదు. ఈ నెలాఖరులోగా కొత్త ఫారం తేవాలి. పాత ముద్ర అలికినట్టుంది, ఈసారి పద్ధతి ప్రకారం ఉండాలి. దాన్ని ఇంటావిడకు చూపిస్తారు. ఉంచుకుంటుందో ఖాళీ చేయమంటుందో ఆవిడ ఇష్టం. నా ఉద్యోగం సంగతి ఆ తర్వాత ఆలోచిస్తారు. చివర్లో, "నాకైతే ఏ పట్టింపూ లేదమ్మా" అని కూడా అన్నారు. "తెలుసు సార్" అన్నాను.

బయటికి వచ్చాక అక్క, "నాకు చెప్పి చెరపొచ్చుగా" అంది.

"చెబితే చెరపనిచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదనుకో."

ఆ మధ్యాహ్నం అక్క డబ్బా నా వైపు తోయలేదు. తనొక్కతే గోడవైపు తిరిగి తింది. మర్నాడు తోసింది. ఆ మధ్య ఒక రోజంతా ఏం ఆలోచించుకుందో నేను అడగలేదు.

మార్చురీ ఆమె, సారు మమ్మల్ని పిలిచిన రోజు సాయంత్రమే వచ్చింది. ఓనరు ఇవ్వనన్నాడని తెలిసి, ఫారం తిరిగి తీసుకోవడానికి వచ్చింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. చుక్క సంగతి, అది పెట్టింది నేనేనన్న సంగతి, మా అమ్మ సంగతి. ఆమె తాపీగా విని, "చుక్కో గీతో ఏదో ఒకటి ఉంటుందని తెలుసమ్మా. ఇది నాలుగో ఆఫీసు. మిగతా మూడుచోట్ల ఎవరూ చెప్పలేదు, అంతే తేడా" అంది. నా చేతుల వంక చూసి, "మీ అమ్మకు చేతులు పగులుతాయా?" అని అడిగింది.

"పగులుతాయి."

"పనిలోకి దిగే ముందు నూనె రాసుకుని, పైన నూలు తొడుగులు వేసుకుని, వాటి మీద రబ్బరువి వేసుకోమను. నేరుగా రబ్బరువి తొడుక్కుంటే చెమటకి నానిపోతాయి. నాకు ఎవరూ చెప్పక పదేళ్ళు పట్టింది."

నీకు చెప్పమంది, చెబుతున్నాను. గుర్తుంచుకో.

నేను ఫారం ఆమెకు ఇవ్వబోయాను. టేబుల్ మీద పెడతాననుకుని ఆగింది. నేను పెట్టలేదు, చెయ్యి చాచి అలాగే ఉన్నాను. కొంచెం సేపటికి తీసుకుంది. మన ఇద్దరికీ తెలియనిదేం కాదు అమ్మా, అలా తీసుకోవడం కూడా అలవాటు ఉండాలి.

ఇదంతా వింటూ తాళాలు సర్దుతున్న అక్క హఠాత్తుగా వెనక్కి తిరిగి, పై వరుస కొక్కెం నుంచి ఒక తాళంచెవి తీసింది. "ప్రింటింగ్ ప్రెస్సు వెనక రెండు గదులున్నాయి. ఎవరూ రావడం లేదు. ఓనరు ముసలాయన, చెవుడు, పైనే ఉంటాడు. నాకు బాగా తెలుసు. అటూ ఇటూ పక్కింటివాళ్ళంటే ప్రెస్సు యంత్రాలే. వాటికి ఏ పట్టింపూ లేదు. కానీ పగలంతా ఒకటే మోత."

"మోత ఉంటే మంచిదేనమ్మా" అంది ఆమె. "నా డ్యూటీలో ఎవరూ నోరు తెరవరు. ఇంటికొచ్చాకైనా ఏదో ఒక చప్పుడు ఉండాలి కదా."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ముసలాయన ఫారం మీద పని గడి చదివి, "రాత్రిపూట గేటు వేస్తారా, మర్చిపోతారా?" అని ఒక్కటే అడిగాడు. పోయిన వారం వాళ్ళు చేరిపోయారు. ఆ అమ్మాయికి కిటికీ పక్కన టేబుల్ వేశారు. యంత్రాల మోతకు లెక్కలు బాగా వస్తున్నాయంటోంది, నమ్మొచ్చో లేదో.

సారు ఇక చుక్కలు పెట్టొద్దన్నారు. మనసు మారి కాదు, ఈ గొడవ ఆ నోటా ఈ నోటా బయటికి పోతే కేసవుతుందని. కింది సొరుగులో నా చేతి చుక్కలే ముప్పైకి పైగా దొరికాయి, అక్కవి ఇంకా ఎక్కువ. రోజుకు ఒకటి రెండు తీసి సారు టేబుల్ మీద పెడుతున్నాం. కొందరు ఇప్పటికే ఎక్కడో తలదాచుకున్నారు. కొందరి ఫోన్లు పనిచేయడం లేదు. చక్రాల కుర్చీ అబ్బాయి తండ్రి ఫోనెత్తి, నేనెవరో చెప్పగానే పెట్టేశాడు. రేపు మళ్ళీ చేస్తాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు జవాబు. వచ్చేయమ్మా. కొత్త ఫారం పట్టుకుని నువ్వే రా. ఇంటావిడ ఖాళీ చేయమంటే ఇద్దరం కలిసి వెతుక్కుందాం, ఇళ్ళు వెతకడం నాకు వచ్చిన పనే. ఉంచుకుంటానంటే పదకొండు మెట్లెక్కి నా గది చూడు. కోటు లైనింగు మాత్రం నీ వల్ల కాదని నేనే చెబుతాను.

ఫారం ఈ కవరులోనే ఉంది. నీ పని గడి మళ్ళీ ఖాళీగా వదిలాను. అక్కడ ఏం రాయాలో నువ్వు నీ నోటితో చెప్పు, తాతగారు రాస్తారు. రాసింది పైకి చదివించుకో. అది విన్నాకే వేలు పెట్టు. నేను చేసినదానికి నీకు కోపమొచ్చి పెట్టబుద్ధి కాకపోతే పెట్టకు. అది నీ వేలు. అలా అయినా ఒక మాట రాయించు.

తాతగారూ, చివరి మాట మీకు. ఈసారి బెంచీకి ఆ చివర కూర్చుని సంతకం చేస్తే చెల్లదు. పద్ధతి పైన రాశాను. అమ్మ కుడిచెయ్యి మీ చేతిలోకి తీసుకోవాలి, బొటనవేలు పట్టుకుని ఎడమ నుంచి కుడికి దొర్లించాలి. మీకు కుదరదనిపిస్తే అక్కడి ఫార్మసీలో అమ్మాయిని అమ్మ అడుగుతుంది, దానికేం అనుకోను. కానీ నాకు మొదటి అక్షరం నేర్పింది మీరు కాబట్టి, ఇది కూడా మీ చేతుల మీదుగా జరిగితే బాగుంటుందని రాస్తున్నాను. చదవడం అయ్యాక ఈ ఉత్తరం, ఆ ఫారం బెంచీ మీద పెట్టకండి. అమ్మ చేతికివ్వండి. ఆమె వెనక్కి అడుగు వేస్తుంది. మీరు చెయ్యి చాచి ఆగండి, కాసేపటికి తీసుకుంటుంది. ఇంకు అంటుతుందని ఆలోచించకండి. అమ్మ దగ్గర మంచి సబ్బుంటుంది.

ఇట్లు,
నీ కూతురు